ఒక్క ఖాళీకి ఇద్దరం

ఖమ్మం జిల్లాలోనే పుట్టి, ఆ జిల్లాలోనే ఉద్యోగం చేస్తూ కూడా ముప్పై ఏళ్ళు దగ్గరపడే దాకా నేను ఖమ్మం ఊరు చూడలేదు. చూడలేదంటే, బస్టాండు చూశాను, పెద్దాసుపత్రి చూశాను, ఆ రెండింటి మధ్య రోడ్డు చూశాను. గుట్ట మీది కోట బస్సు కిటికీలోంచి కనపడేది. ఎవరినో ఆసుపత్రిలో చేర్చడానికో, ఏదో కాగితం ఇవ్వడానికో రావడం, సాయంత్రం బస్సు అందుకోవడం. అంతే. ఊరు ఊరుగా చూసింది ఒక్కసారే. అదైనా ముచ్చటపడి కాదు, సాయంత్రం నాలుగింటి దాకా చేసే పనేమీ లేక.

అప్పుడు నేను భద్రాచలం అవతల అడవిలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఊళ్ళవాళ్ళు నర్సమ్మ అనేవాళ్ళు. నా కింద పదకొండు ఊళ్ళు. కొన్ని ఊళ్ళంటే ఏడెనిమిది గుడిసెలే. అయినా నడక నడకే. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసుకోవాలి, మలేరియా మాత్రలు ఇవ్వాలి, నెలలు నిండినవాళ్ళను చూడాలి, ఐసు కరిగేలోపు పిల్లలకు టీకాలు వేయాలి. వానాకాలం వాగులు, ఎండాకాలం ఎండ. నాలుగేళ్ళు అలా తిరిగాక నా కాళ్ళు నావి కానట్టే అనిపించేది. నిద్రలో కూడా నడుస్తున్నట్టే ఉండేది.

మా ఇల్లు పెనుబల్లి దగ్గర. మా ఆయన అక్కడే వ్యవసాయం చూసుకునేవాడు. మా పాపకు నాలుగేళ్ళు. పాపను మా అత్తమ్మ సాకేది. నేను నెలకో, రెణ్ణెల్లకో ఒకసారి పోయి ఒకటి రెండు రోజులు ఉండి వచ్చేదాన్ని.

అడవిలో నాకు తోడంటూ ఉన్నది అక్క ఒక్కతే. సొంత అక్క కాదు. పక్క సబ్ సెంటర్లో నర్సు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పద్నాలుగేళ్ళుగా అదే అడవిలో ఉంది. నేను కొత్తగా చేరినప్పుడు వాగు ఎక్కడ దాటాలో, కోయ ఊళ్ళలో ఎవరిని ముందు పలకరించాలో, వాళ్ళ మాటలో కడుపునొప్పిని ఏమంటారో అన్నీ ఆమే నేర్పింది. నేను చేసిన మొదటి కాన్పులో నా చేతులు వణుకుతుంటే ఆమె తన చేతులు నా చేతుల మీద పెట్టింది. ఆ బిడ్డ ఏడ్చేదాకా తీయలేదు.

ఆ ఎండాకాలం ఖమ్మంలో ఒక పోస్టు ఖాళీ అయిందని నాకు తెలిసింది. పట్నంలో, కుటుంబ సంక్షేమ కేంద్రంలో. గుట్టుగా దరఖాస్తు పంపించాను. జిల్లా ఆఫీసుకు వచ్చి పెద్దసారును స్వయంగా అడిగితే మంచిదని ఎవరో చెప్పారు. అక్కతో మాత్రం, "సర్వీసు పుస్తకంలో నా పేరు తప్పు పడ్డది, దిద్దించుకోవాలి" అన్నాను.

"నాకూ ఏదో కాగితం పనున్నది. కలిసే పోదాం" అంది అక్క.

ముందు రోజు సాయంత్రం దాకా ఇద్దరం టీకాలు వేస్తూనే ఉన్నాం. తెల్లవారి భద్రాచలంలో మొదటి బస్సు ఎక్కాం. సీట్లు దొరికాయి గానీ నిద్ర దొరకలేదు. కిటికీ అద్దం కొత్తగూడెం దాకా టకటక కొట్టుకుంటూనే ఉంది. ఖమ్మంలో దిగేసరికి పది దాటింది. మొహాలు కడుక్కుని ఆఫీసుకు పోయాం.

అక్కడ గుమాస్తా మా ఇద్దరి పేర్లూ అడిగి, ఫైలు తీసి, నవ్వాడు.

"ఆ ఖాళీ సంగతేనా? దానికి మీరిద్దరే పెట్టుకున్నరు. ఇద్దరూ కలిసే వచ్చిన్రా? మంచిగున్నది. సార్ కలెక్టరాఫీసుల మీటింగుకు పోయిండు. నాలుగింటికి రాండ్రి."

నేను అక్క వైపు చూడలేదు. అక్క కూడా నా వైపు చూసి ఉండదు. వరండాలోకి వచ్చి నిలబడ్డాం. ఎదురుగా రోడ్డు మీద రిక్షాలు పోతున్నాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. అబద్ధం చెప్పింది ఇద్దరమూ కాబట్టి నిలదీసే హక్కు ఇద్దరికీ లేదు.

కాసేపటికి అక్క కొంగుతో మెడ తుడుచుకుని, "నాలుగింటి దాక ఈడ కూసుంటే ఏమొస్తది? నువ్వు ఖిల్లా చూసినవా?" అని అడిగింది.

"లేదక్కా."

"నేను చిన్నప్పుడు ఈ ఊళ్ళనే మిషను బోర్డింగుల చదువుకున్న. పా, చూపిస్త."

అలా మొదలైంది మా ఊరు చూడటం. కాళ్ళు వద్దంటున్నాయి. అయినా ఆ వరండాలో ఆమె పక్కన ఊరికే కూర్చోవడం కంటే నడవడమే నయమనిపించింది.

సందుల్లోంచి నడిచి గుట్ట కిందికి చేరాం. కోట గోడ కిందనుంచి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. ఒక్కో రాయీ మా సబ్ సెంటరు గదంత ఉంది. సున్నమూ మట్టీ లేకుండా రాయి మీద రాయి పేర్చినట్టు ఉంది. పెద్ద దర్వాజా వంకరగా మలుపు తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు ఊపు మీద వచ్చి తలుపును గుద్దకుండా అట్లా కట్టారని అక్క చెప్పింది. కాకతీయుల నాటిదనీ, తర్వాత రెడ్లూ సుల్తానులూ తలా ఇంత కట్టారనీ బోర్డింగులో పంతులమ్మ చెప్పిన మాటలను వరసగా అప్పజెప్పింది. నేను ఊఁ కొట్టాను. లోపల మాత్రం ఆ గుమాస్తా నవ్వే కనిపిస్తూ ఉంది.

పైకి మెట్లు ఉన్నాయి. మెట్లంటే బండకు చెక్కిన గాట్లు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. సగం ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం. రోజూ మైళ్ళు నడిచేవాళ్ళం, ఒక గుట్ట ఎక్కడానికి ఏమొచ్చిందో. పైన బురుజు మీద ఒక పాత ఫిరంగి పడి ఉంది. దాని మీద ఎవరో బట్టలు ఆరేశారు. గోడ పక్కన ఒక ముసలాయన మేకలను మేపుతున్నాడు.

"ఎవరమ్మా మీరు? ఎండల పడి వచ్చిన్రు?" అన్నాడు.

"ఊరు చూడనీకి వచ్చినం తాతా" అంది అక్క.

"చూసేటందుకు ఏమున్నది? రాళ్ళు" అన్నాడాయన. మేకను అదిలించి అటు తిరిగాడు.

పై నుంచి ఖమ్మమంతా కనపడింది. పెంకుటిళ్ళు, డాబాలు, సినిమా హాలు, దూరంగా మునేరు. ఏట్లో నీళ్ళు సన్నటి గీతలా ఉన్నాయి. అక్క చెయ్యి చాపి, "అగో, ఆ గంట గోపురమున్నది చూడు, అదే మా చర్చి. నా పెండ్లి ఆడనే అయింది" అంది. ఆమె వేలు చూపిన వైపు చూస్తే ఒక నీళ్ళ ట్యాంకు ఉంది. చర్చి గోపురం దానికి చాలా ఎడమగా ఉంది. అలిసిపోయి ఉంది పాపం అనుకున్నాను.

దిగేటప్పుడు అక్క పడింది. మెట్టు ఉందనుకుని లేని చోట కాలు పెట్టింది. నేను రెక్క పట్టుకోబోయేలోపే మూడు మెట్లు జారి కూర్చుండిపోయింది. అరచేయి గీరుకుపోయింది, చెప్పు తెగింది. నా సంచిలో దూది, అయోడిను ఎప్పుడూ ఉంటాయి. అక్కడే ఆ మెట్టు మీద కూర్చోబెట్టి చెయ్యి తుడిచి కట్టు కట్టాను. అక్క నా చేతుల వంకే చూసింది.

"మంచిగ కడ్తన్నవ్. ఎవరు నేర్పిన్రో" అంది చివరికి.

పొద్దున్నుంచీ మొదటిసారి ఇద్దరం నవ్వాం. నవ్వినా ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఒక కాలికి చెప్పు, ఒక కాలికి నా చేతిరుమాలు చుట్టుకుని అక్క చర్చి దాకా నడిచింది. రిక్షా పిలుస్తానంటే వద్దంది. చర్చి ఆవరణలో ఎండుటాకులు ఊడుస్తున్న ముసలామె అక్కను ఆనవాలు పట్టి, "నువ్వు ఫలానా వాళ్ళ కోడలివి గదా?" అని తలుపు తీసి పెట్టింది.

లోపల చల్లగా ఉంది. బయట అంత ఎండలో అంత చల్లదనం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఎత్తైన కప్పు, పాత చెక్క బల్లలు, గోడకు పాలరాతి పలక. దాని మీద ఎప్పుడో జ్వరంతో ఇక్కడే చనిపోయిన ఒక దొరసాని పేరు ఇంగ్లీషులో చెక్కి ఉంది. ఎన్నేళ్ళకు చనిపోయిందో లెక్క వేసుకున్నాను. నా వయసే. అక్క ముందు బల్ల దగ్గర మోకరించింది. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. నాకు ఆ ప్రార్థనలు రావు, ఆ దేవుడితో నాకు ఏ పరిచయమూ లేదు. కానీ ఎవరూ నన్ను ఏ పనీ చెయ్యమనని చోట కూర్చుని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. అనుకుంటూనే నిద్రపోయాను.

మంచి నిద్ర. కలలు కూడా రాలేదు. ఊడ్చే ముసలామె నా భుజం తట్టి, "లేవమ్మా, తాళమెయ్యాలె" అంటే మెలకువ వచ్చింది. ముందు చూస్తే అక్క కూడా మోకాళ్ళ మీదే, తల బల్లకు ఆనించి, గురక పెడుతోంది.

"ఇద్దరూ ఇద్దరే. మీది ఏ ఊరమ్మా, ఇట్ల పడి నిద్రపోతన్నరు?" అంది ముసలామె. చెప్పాం. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది.

అన్నం తిన్నాక చెప్పు కుట్టించడానికి బజారు వైపు పోయాం. అది మిర్చి కాలం. బజారంతా ఘాటు. ఎర్రటి బస్తాలు బండ్ల మీద, లారీల మీద. హమాలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మోస్తున్నారు. సందులోకి అడుగు పెట్టగానే అక్క తుమ్మడం మొదలుపెట్టింది. మా నాన్న ఏటా మిర్చి బస్తాలు ఇక్కడికే తోలేవాడు. ఆయన ఇంటికి రాగానే చొక్కాకు ఇదే వాసన. ఆ బజారును నేను చూడటం మాత్రం అదే మొదలు.

ఒక మూల చెప్పులు కుట్టే ఆయన దగ్గర అక్క కూర్చుంది. పక్కనే పిల్లల బట్టల దుకాణం. పసుపు రంగు గౌను ఒకటి గుమ్మానికి వేలాడుతోంది. తీసి చూశాను.

"పాప ఎంతుంటదమ్మా?" అని అడిగాడు దుకాణం ఆయన.

చెయ్యి నేలనుంచి ఇంత అని చూపించబోయాను. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు. కొంచెం పైకి ఎత్తాను, మళ్ళీ దించాను. పోయినసారి చూసినప్పుడు నా నడుము దాకా వచ్చిందా, రాలేదా? ఆయన ఓపికగానే నిలబడ్డాడు. నేను గౌను అక్కడే పెట్టేసి వచ్చి అక్క పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"ఏందే? తీసుకోలేదా?"

"కొలత తెల్వదక్కా" అన్నాను. అంతే, ఆగలేదు. మొత్తం చెప్పేశాను. పాప మా అత్తమ్మను అమ్మా అంటుంది. నేను పోతే ఆమె కొంగు వెనక దాక్కుంటుంది. పోయినసారి ఇంటి ముందు ఎవరో నా గురించి అడిగితే, "నర్సమ్మ వచ్చింది" అని చెప్పింది. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "అందుకే పెట్టుకున్న అక్కా. నీకు చెప్పకుండ పెట్టుకున్న" అన్నాను.

అక్క కుట్టిన చెప్పును కాలికి వేసుకుని చూసింది. తర్వాత, "నా సంగతి కూడ విను" అంది.

ఆమెకు ఏడాదిగా చూపు సరిగ్గా ఆనడం లేదట. కళ్ళకు పొర కమ్మినట్టు ఉంటుందట. పట్టపగలు ఎలాగో గడుస్తుంది. గుడిసెల లోపల, కాన్పుల దగ్గర ఏమీ కనపడదు. సూది మందు ఎంత ఎక్కిందో సిరంజి మీద గీత కనపడక, ఊరి బడిపంతులును పిలిచి చదివించుకుందట ఒకసారి. కుట్లు తడుముకుని వేస్తోందట.

"డాక్టరుకు చూపించకపోయినవా?"

"చూపిస్తే కాగితం మీద రాస్తడు. రాస్తే ఆఫీసుకు ఎరుకయితది. ఈ పనికి నువ్వు పనికిరావని ఇంటికి పంపిస్తే నేనెట్ల బతకాలె? నాకెవరున్నరు? ఈడైతే కరెంటు లైట్లుంటయ్, పక్కన ఇంకో నర్సు ఉంటది. మెల్లగ ఆపరేషను చేయించుకోవచ్చనుకున్న." కొంచెం ఆగి, "నాకు భయమైతంది చెల్లె. నా చేతుల ఎవరి పానమన్న పోతదేమోనని" అంది.

గుట్ట మీద వేలు తప్పు వైపు చూపడం, లేని మెట్టు మీద కాలు పెట్టడం అప్పుడు అర్థమయ్యాయి. నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని ఆ అరుగు మీదే నిశ్చయించుకున్నాను. పైకి చెప్పలేదు. సారు ముందే చెబుదాం, అప్పుడు కాదనలేదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నాలుగింటికి ఆఫీసుకు పోయాం. సారు ఐదింటికి వచ్చాడు. ఆయన కూడా బాగా అలిసిపోయి ఉన్నాడు. అయినా మర్యాదగా ఇద్దరినీ కూర్చోమన్నాడు.

"సీనియారిటీ చూస్తే ఈమెకే ఇయ్యాలె" అన్నాడు అక్కను చూపిస్తూ. "అయినా ఇద్దరూ ఉన్నరు గనక అడుగుతన్న. మీకేమన్న ప్రత్యేకంగ ఇబ్బందులున్నయా?"

అక్క తల వంచుకుంది. కట్టు కట్టిన అరచేతిని ఒళ్ళో దాచుకుంది. చెప్పకూడనిదే ఆమె ఇబ్బంది. నేను నోరు తెరిచాను. అక్కకే ఇవ్వండి సార్ అనాలి. ఆ మాట తయారుగా ఉంది.

"నాకు నాలుగేండ్ల పాపున్నది సార్. నన్ను అమ్మ అనటం లేదు" అన్నాను.

ఎట్లా అన్నానో నాకు తెలియదు. అన్నాక ఆపుకోలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పాను. సారు ఇబ్బందిగా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అక్క వైపు తిరిగి, "మీరేమంటరు?" అని అడిగాడు.

"ఆ పిల్లకే ఇయ్యండి సార్. నాకు ఆ ఊళ్ళు అలవాటే" అంది అక్క.

ఆమె కళ్ళ సంగతి బయటపెడితే ఆమెకే చేటని ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. "నేను ఆగుతా, ఆమెకియ్యండి" అనడానికి కళ్ళ సంగతి చెప్పాల్సిన పనే లేదు. నాకు ఆ పోస్టు కావాలి, అందుకే ఊరుకున్నాను.

ఇద్దరం ఒకే బస్సులో తిరిగి వచ్చాం. ఆర్డరు వచ్చే దాకా నా డ్యూటీ నాదే కదా. బస్సు బయల్దేరిన కాసేపటికే అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. కొత్తగూడెం దాటేసరికి భుజం మొద్దుబారిపోయింది. అయినా కదలలేదు. దిగేటప్పుడు అక్క, "రేపు నీ వంతు ఐసు డబ్బా నేను తీసుకపోత. నువ్వు పండుకో" అంది. మిగతా దాని గురించి ఆ రోజు గానీ, తర్వాత నేను అక్కడ ఉన్న మూడు వారాల్లో గానీ, ఒక్క మాట అనలేదు.

నేను ఖమ్మం వచ్చాను. గది కిరాయికి తీసుకున్నాను. పాపను తెచ్చుకున్నాను. మా ఆయన వ్యవసాయం వదల్లేక ఊళ్ళోనే ఉండిపోయాడు. మొదటి నెలంతా అది రోజూ సాయంత్రం నానమ్మ కోసం ఏడ్చేది. ఎత్తుకుంటే దిగి పోయేది. పట్నం ఉద్యోగం కూడా అనుకున్నంత సుఖమేమీ కాదు. నడక తగ్గింది, పని పెరిగింది. అక్కకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. చదవలేదేమో, చదివించుకోవడం ఇష్టం లేదేమో. మూడో ఉత్తరం రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఏడాదిన్నర తర్వాత ఖమ్మంలో నర్సులకు మూడు రోజుల ట్రైనింగు పెట్టారు. మొదటి రోజు పొద్దున గేటు దగ్గర అక్క కనపడింది. దళసరి అద్దాలు పెట్టుకుంది. దూరం నుంచే నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది.

భద్రాచలంలో ఎవరో కళ్ళ శిబిరం పెడితే పోయి ఒక కంటికి ఆపరేషను చేయించుకుందట. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదట. ఇప్పుడు భద్రాచలం ఆసుపత్రి వార్డులోనే డ్యూటీ. "ఊరికే భయపడ్డ అన్ని దినాలు" అంది.

"నడుమ ఏమన్న అయిందా అక్కా? ఎవరికన్న?" అని అడిగాను. ఏడాదిన్నరగా గొంతులో ఉన్న ప్రశ్న అది.

"ఏం కాలేదు. ఓ కోయ పిల్లను ఎంబడి తిప్పుకున్న. అది చూసేది, నేను చేసేది. మంచి హస్తవాసి ఉన్నది దానికి. మొన్ననే మంత్రసాని ట్రైనింగుకు పంపించిన."

అప్పుడు చెప్పాను. ఆ రోజు బజారులో నేనేం నిశ్చయించుకున్నానో, సారు ముందు నా నోటి నుంచి ఏమొచ్చిందో. క్షమించమని అడగబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎరుకే. నువ్వు నోరు తెరిచినప్పుడు నీ మొహం చూసిన. దగ్గరిది కొంచెం కనబడేది లే నాకు. నేనైనా గట్లనే చెప్పేదాన్ని. నాకు చెప్పుకునే ఆస్కారం లేక ఊకున్న గని, నీ మీద దయతోటి కాదు. నన్ను పెద్దదాన్ని చెయ్యకు."

ఆ మాట నా బరువు దించిందో, ఇంకా పెంచిందో ఇప్పటికీ చెప్పలేను. లోపల ట్రైనింగు మొదలయ్యే గంట మోగింది.

"యాడ పండుకుంటవ్ ఈ మూడొద్దులు?" అని అడిగాను.

"లాడ్జి అన్నరు."

"మా ఇంటికి రా. ఒకటే గది. ముగ్గురం సర్దుకోవాలె."

అక్క నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, అద్దాలు సవరించుకుని, "చిక్కిపోయినవ్ నువ్వు" అంది. సంచి నా చేతికిచ్చి ముందు నడిచింది.